కారు ఏసీలో గ్యాస్ ఎందుకు తగ్గుతుంది?

ఎండలు ముదిరే వేళ కార్ల ఏసీ షెడ్లలో తరచూ వినిపించే మాట: "గ్యాస్ అయిపోయింది, కొంచెం కొడితే సరిపోతుంది." పెట్రోలు మండి ఖర్చవుతుంది. ఏసీ గ్యాస్‌కు ఆ ఖర్చే లేదు. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కూలింగ్ కాయిల్ కలిసిన మూసిన దారిలో అదే గ్యాస్ ద్రవంగా, మళ్లీ ఆవిరిగా మారుతూ తిరుగుతుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తప్పించుకోవడం మామూలే. ఏటా నింపాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. అసలు చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాస్‌ది కాకపోవచ్చు. దుమ్ము పట్టిన క్యాబిన్ ఫిల్టర్, మట్టి పేరుకున్న కండెన్సర్, తిరగని ఫ్యాన్ కూడా అదే పని చేస్తాయి.

మరి గ్యాస్ ఎంతుందో తెలిసేదెలా? గేజ్ పెట్టి చూస్తే చాలదు. మన కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఎ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. ఏసీ ఆపి ఉన్నప్పుడు, లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతకాలం, పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. 30 డిగ్రీల వద్ద గేజ్ 7 బార్‌కు కాస్త తక్కువ చూపిస్తుంది. గ్యాస్ నిండుగా ఉన్నా, సగానికి పడిపోయినా అంకె దాదాపు అదే. వంటగ్యాస్ సిలిండర్‌ను తూచి చూసేదీ ఇందుకే. మంటను బట్టి లోపల ఎంత మిగిలిందో చెప్పలేం. ఏసీ నడుస్తుండగా తీసిన రీడింగులు కొంత చెబుతాయి గానీ, బయటి ఎండను బట్టి, ఫ్యాన్ వేగాన్ని బట్టి అవీ మారిపోతాయి.

అందుకే సరైన పద్ధతి కాస్త ఓపికతో కూడుకున్నది. ఉన్న గ్యాస్‌ను రికవరీ యంత్రంలోకి లాగాలి. లీకు వెతికి బాగుచేయాలి. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టాలి. తొందరలో చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. పీడనం వాతావరణ పీడనంలో పాతికో వంతు కంటే కిందికి దిగితే 30 డిగ్రీల దగ్గరే నీరు మరిగిపోతుంది. గొట్టాల్లోని తేమ ఆవిరై బయటికొస్తుంది. ఆ తేమ లోపలే ఉంటే వాల్వ్ సందులో మంచుగా గడ్డకడుతుంది, గ్యాస్‌తో, నూనెతో కలిసి ఆమ్లాలుగా మారి లోహాన్ని తింటుంది. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలిస్తే పెద్ద లీకు లేనట్టు. చివరగా బానెట్ కింద స్టిక్కర్‌పై రాసినన్ని గ్రాములు తూచి నింపాలి.

లీకును వదిలేసి గ్యాస్ కొడితే నష్టం యజమాని జేబుకే పరిమితం కాదు. వందేళ్ల లెక్కన కిలో ఆర్-134ఎ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. అర కిలో గాల్లో కలిస్తే దాదాపు 300 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. ఇలాంటి వాయువులను తగ్గించేందుకు 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. మన దేశంలో దశలవారీ కోత 2032లో మొదలవుతుంది.

చలికాలంలోనూ అప్పుడప్పుడు పది నిమిషాలు ఏసీ నడపమని మెకానిక్‌లు చెప్పే మాటకు కారణం ఉంది. గ్యాస్‌తోపాటు తిరిగే నూనె కంప్రెసర్ షాఫ్ట్ సీలును తడిగా ఉంచుతుంది. నెలల తరబడి ఆపేస్తే ఆ సీలు ఎండిపోతుంది, లీకు అక్కడే మొదలు కావచ్చు.