మూడు రోజుల పసిగుడ్డు ఏ కోర్సు మధ్యలో ఆపింది?

"మీవాళ్ళు మందులు సగంలో ఆపేస్తారు, అందుకే క్రిములు మొండికేస్తున్నాయి." ఒక సెమినార్‌లో ఓ పెద్దాయన అన్న మాట ఇది. 'మీవాళ్ళు' అంటే ఎవరో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. నా చిన్నప్పుడు తమ్ముడికి జ్వరమొస్తే ఐదు రోజుల మందులు రాసిచ్చారు, అమ్మ రెండు రోజులవే కొన్నది. నిజమే. మూడో రోజు మందుకు కూలి డబ్బులు మిగల్లేదు. దాన్ని అజ్ఞానం అంటారా, కూలి రేటు అంటారా? ఈ మొండి క్రిముల సంగతి మనమే తెలుసుకొని మనమే మాట్లాడాల్సిన అవసరం ఇక్కడే వచ్చింది.

ముందు సైన్సు చూద్దాం. మందుకు అలవాటు పడేది పిల్లవాడి ఒళ్ళు కాదు, క్రిమి. కోట్ల బాక్టీరియాలో ఏ కొన్నింటికో మందును తట్టుకునే జన్యువు ఉంటుంది. యాంటీబయాటిక్ వేస్తే మిగతావి చస్తాయి. తట్టుకున్నవి మిగిలి, ఖాళీ అయిన చోటంతా తామే నిండుతాయి. అంతటితో ఆగదు. ఇరుగుపొరుగు విత్తనాలు ఇచ్చిపుచ్చుకున్నట్టు, బాక్టీరియా ఆ జన్యువుల్ని వేరే జాతి బాక్టీరియాకు కూడా అందిస్తుంది. పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ఉపన్యాసంలో ఈ ప్రమాదం గురించి హెచ్చరించాడు. 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో దాదాపు 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని బాక్టీరియా వల్ల చనిపోయారని ఒక అంతర్జాతీయ అంచనా. వాళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఐదేళ్ళలోపు పిల్లలే.

ఇప్పుడు ఢిల్లీ సంగతి. 2011-14 మధ్య అక్కడి మూడు పెద్ద సర్కారు ఆసుపత్రుల్లో పుట్టి, నవజాత శిశువుల వార్డులో చేరిన 13 వేలకు పైగా పసికందుల్ని పరిశోధకులు గమనించారు. రక్తంలో ఇన్ఫెక్షన్, అంటే సెప్సిస్, వచ్చిన పిల్లల్లో ఎక్కువగా దొరికిన క్రిమి అసినెటోబాక్టర్. అందులో నూటికి 82 పాళ్ళు పలు రకాల మందులకు లొంగనివే. సెప్సిస్ కేసుల్లో మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల్లోపే బయటపడ్డాయి.

ఆలోచించండి. మూడు రోజుల పసిగుడ్డు ఏ కోర్సు మధ్యలో ఆపింది? ఏ ఆర్.ఎం.పి. దగ్గరకు పోయి సూది వేయించుకుంది? ఆ క్రిములు కాన్పు గదిలోనో, వార్డులోనో, కడుక్కోని చేతుల మీదనో, శుభ్రం చేయని గొట్టాల మీదనో కాచుకొని ఉంటాయి. ఒక్క వార్మర్ మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టి, ఒక్క నర్సుకు పది మందిని అప్పజెప్పి, కుళాయిలో నీళ్ళు లేకుండా చేతులు కడుక్కోమంటే ఎట్లా? ఆ వార్డు తుడిచేది ఎవరు? ఎక్కువగా కాంట్రాక్టు మీద పనిచేసే మన ఆడవాళ్ళు. గ్లౌజులు ఇవ్వరు, జీతం నెలనెలా ఇవ్వరు. పారిశుధ్యాన్ని ఒక కులం పనిగా చూసే సమాజం దాన్ని వైద్యంలో భాగంగా చూడదు. దాని ఖరీదు పసిపిల్లలు కడుతున్నారు.

ఆసుపత్రి బయట నీళ్ళ సంగతి కూడా ఇంతే. 2011లో అచ్చయిన ఒక అధ్యయనం ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీళ్ళ నమూనాలు 171 పరీక్షిస్తే, 51లో ఎన్.డి.ఎం.-1 జన్యువు దొరికింది. కుళాయి నీళ్ళ నమూనాలు 50లో రెండింట్లోనూ ఉంది. చివరి ఆయుధంగా దాచుకున్న కార్బపెనెం మందుల్ని కూడా విరగ్గొట్టే జన్యువు అది.

మన పటాన్‌చెరు చూడండి. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ! అంటే వాగే ఒక యాంటీబయాటిక్ సీసా అయింది. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితి పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేకుండా పోయాయి. మా అమ్మ మానేసిన మూడు రోజుల మాత్రలకు లెక్క అడిగేవాళ్ళు ఈ లెక్క ఎందుకడగరు?

అట్లాగని మనం చేయాల్సింది లేదని కాదు. జలుబుకు, మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ అడగొద్దు. అవి చాలావరకు వైరస్ వల్ల వస్తాయి, వైరస్ మీద ఆ మందు పనిచేయదు. అట్టమీద ఎర్రగీత ఉన్న మాత్రలు చీటీ లేకుండా కొనొద్దు. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి, టీకాలన్నీ వేయించాలి. కానీ పసిబిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, ఎగశ్వాస వచ్చినా, ఫిట్స్ వచ్చినా రాత్రనక పగలనక ఆసుపత్రికి పరుగెత్తాలి. అప్పుడు మందు ఆలస్యమైతేనే ప్రాణం పోతుంది.

ఇవి ఇంట్లో చేసేవి. వీధిలోకొచ్చి అడగాల్సినవి వేరే ఉన్నాయి: వాడవాడకూ శుభ్రమైన నీళ్ళు, కాన్పు వార్డుల్లో సరిపడా నర్సులు, సఫాయి కార్మికులకు పర్మనెంటు ఉద్యోగాలు, ప్రతి ఆసుపత్రి తన ఇన్ఫెక్షన్ లెక్కలు గోడమీద రాయడం, కంపెనీల కాలువలకు చట్టబద్ధమైన పరిమితి. ఈసారి ఏ సెమినార్‌లోనైనా 'మీవాళ్ళు' అనే మాట వినబడితే, ఈ జాబితా చదివి వినిపించండి.