గిలిగిచ్చ గలగలలు

సంక్రాంతి వెళ్లాక చేలగట్ల మీద నడుస్తుంటే ఒక్కోసారి కాలి దగ్గర ఏదో గలగలమంటుంది. ఉలిక్కిపడి చూస్తే పురుగూ కాదు, పుట్రా కాదు, ఎండిపోయిన గిలిగిచ్చ మొక్క. దాని కాయ బుడగలా ఉబ్బి ఉంటుంది. ఎండేసరికి లోపలి గింజలు ఊడి, ఆ డొల్లలోనే రాలతాయి. గాలి వీచినా, కాలు తగిలినా మోత మొదలు. పిల్లలకది కొననక్కర్లేని గిలక్కాయ.

శాస్త్రవేత్తలూ ఆ చప్పుడునే పట్టుకున్నారు. 1753లో లిన్నేయస్ గ్రంథంలో స్థిరపడిన పేరు క్రోటలేరియా. గ్రీకులో క్రోటలాన్ అంటే చేత్తో మోగించే చిడతలాంటి వాయిద్యం. తోక ఆడించి చప్పుడు చేసే అమెరికా పాముకు క్రోటలస్ అనే పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. అంటే మన ఉలికిపాటు మరీ అర్థం లేనిదేమీ కాదు.

క్రోటలేరియా ఒక మొక్క పేరు కాదు, ఒక ప్రజాతి పేరు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత వచ్చినట్టే మొక్కలకూ ప్రజాతి పేరు ముందుంటుంది. ఈ ఇంటిపేరుతో ప్రపంచంలో సుమారు 700 జాతులున్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికాలోనివి. మన గట్ల మీద పసుపుపచ్చగా పూసేది క్రోటలేరియా రెటుసా, నీలిరంగు పూలది క్రోటలేరియా వెర్రుకోసా. రైతుకు బాగా తెలిసిన జనుము క్రోటలేరియా జన్షియా. అయితే ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు.

ముందు పువ్వు చూద్దాం. చిక్కుడు పువ్వులాగే వెనక ఒక పెద్ద రేకు, పక్కన రెండు రెక్కలు, మధ్యలో పడవలా అతుక్కున్న రెండు రేకులు. గిలిగిచ్చలో ఆ పడవ కొస పక్షి ముక్కులా సాగి ఉంటుంది. పుప్పొడి అందులోనే దాక్కుంటుంది. దూలాలు తొలిచే పెద్ద నల్ల తుమ్మెద వచ్చి వాలితే దాని బరువుకు పడవ కిందికి వంగుతుంది, ముక్కు కొస నుంచి పుప్పొడి పేస్టులా బయటికొచ్చి తుమ్మెద పొట్టకు అంటుకుంటుంది. వాలేది బరువైన పురుగైతేనే ఈ పంపు బాగా పనిచేస్తుంది.

ఇక జనుము. ఒక మొక్కను పీకి వేళ్లు కడిగితే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. గోటితో ఒకదాన్ని చిదిమి చూడండి. లోపల గులాబీ రంగుంటే అందులో రైజోబియం బాక్టీరియా పని చేస్తున్నట్టు. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తాయి. ఆ రంగు మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన పదార్థానిది. వరి నాటే ముందు జనుము చల్లి, ఆరేడు వారాలకు పూత పడుతుండగానే కలియదున్నేది ఈ నత్రజని కోసమే. ఇంకా ఆగితే కాడ నారపడుతుంది, త్వరగా మురగదు.

ఇదే ఇంట్లో విషమూ ఉంది. చాలా జాతుల గింజల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే పదార్థాలుంటాయి. మన కాలేయం వాటిని విరిచే క్రమంలోనే అవి మరింత విషంగా మారి, కాలేయంలోని సన్నని రక్తనాళాలను మూసేస్తాయి. కడుపులో నీరు చేరుతుంది. 1970ల మధ్యలో, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతంలో ఇలాగే జరిగింది. అప్పట్లో వైద్యులు నమోదు చేసిన 67 మంది రోగుల్లో 28 మంది చనిపోయారు. కారణం వెతికిన వారిలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలూ ఉన్నారు. అక్కడివాళ్లు రోజూ తినే గోండ్లీ, అంటే మన సామల్లో, చేలో కలుపుగా పెరిగిన క్రోటలేరియా గింజలు కలిసిపోయాయని తేలింది. తప్పు సామలది కాదు, వాటితో పాటు కోతకొచ్చిన కలుపుది.

మనిషికి చేటు చేసే ఆ పదార్థం కోసం కొన్ని సీతాకోకచిలుకలు వెతుక్కుంటూ వస్తాయి. నల్లని రెక్కల మీద లేత నీలి మచ్చలుండే బ్లూ టైగర్ మగవి ఎండిన గిలిగిచ్చ మీద గుంపుగా వాలి ఆ ఆల్కలాయిడ్లు పీల్చుకుంటాయి. ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి వాటికి అవే ముడిసరుకు. పైగా ఒంట్లో అవి ఉంటే పిట్టలు తినడానికి జంకుతాయి.

కాయ మోగిందంటే గింజ ముదిరిందని అర్థం. జనుము చేనును ఆ మోత వినబడకముందే దున్నాలి. సామ చేలో గిలిగిచ్చ మొలిస్తే పూత మీద ఉండగానే పీకేయాలి, నూర్చాక గింజలను జల్లెడ పట్టాలి. గట్టు మీది మొక్క జోలికి మాత్రం పోనక్కర్లేదు. దాని పువ్వు కోసం తుమ్మెద, ఎండిన కాడ కోసం సీతాకోకచిలుక వస్తాయి. అక్కడ ఎంత గలగలమన్నా ఫరవాలేదు.