మీ ఇంటి మెయిన్ బోర్డులో ‘టెస్ట్’ బటన్ ఉందా?



పదో తరగతికి కరెంటు పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఒక చిన్న పని ఇస్తుంటాను. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఇంట్లో మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి, ఏదీ ముట్టుకోకుండా, అక్కడి స్విచ్‌ల మీద ఏం రాసి ఉందో నోట్‌బుక్‌లో రాసుకుని రమ్మంటాను. సీ10, సీ16, సీ32 అని అందరూ రాసుకొస్తారు. “టెస్ట్ అని రాసిన బటన్ ఎవరింట్లో ఉంది?” అని అడిగితే మాత్రం లేచే చేతులు తక్కువ. ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది ఆ బటన్ గురించే.

“మా ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయి కదా, షాక్ కొడితే అవే పడిపోతాయి” అని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ ఎంసీబీని పెట్టింది గోడలోని వైరును కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. దాని లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. లోడు ఎక్కువై వైరు వేడెక్కే పరిస్థితి వస్తే, ఒక లోహపు పట్టీ మెల్లగా వంగి స్విచ్‌ను పడేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయితే అయస్కాంతపు చుట్ట రెప్పపాటులో పడేస్తుంది. ఈ రెండూ ఆంపియర్ల లెక్కలో పనిచేస్తాయి. మన శరీరం లెక్క అది కాదు. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి కాసేపు పారినా గుండె లయ తప్పవచ్చు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. అంటే షాక్ కొట్టిన మనిషి గిలగిలలాడుతున్నా, ఆ ఎంసీబీకి సంబంధించినంత వరకు అంతా మామూలుగానే ఉన్నట్టు లెక్క.

మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. ‘టెస్ట్’ బటన్ ఉండేది దానికే. పొద్దున బస్సు ఎక్కిన పిల్లలందరూ దిగారా లేదా అని ఆయమ్మ లెక్క చూసుకుంటుంది కదా, ఇదీ అదే పని చేస్తుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి రావాలి. తగ్గిందంటే మధ్యలో ఎక్కడో లీకవుతున్నట్టు. అది తడి నేల మీద నిలబడి ఫ్రిజ్ తలుపు పట్టుకున్న పిల్లవాడి ఒంట్లోంచి కావచ్చు, కరెంటు వైరు తగిలిన బట్టలారేసే ఇనుప తీగలోంచి కావచ్చు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, సెకనులో మూడో వంతు గడవకముందే కరెంటు ఆగిపోతుంది. షాక్ అసలు తగలదని కాదు, ఆ దెబ్బ ఎక్కువసేపు ఉండదు.

కొనేటప్పుడు, చూసేటప్పుడు దాని మీద 30 ఎంఏ అని గానీ 0.03 ఏ అని గానీ ఉండాలి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా దొరుకుతాయి. వాటిని మనుషుల రక్షణకు నమ్ముకోకూడదు. ఫేజ్‌ను, న్యూట్రల్‌ను ఒకేసారి రెండు చేతులతో ముట్టుకుంటే మాత్రం ఏ ఆర్‌సీసీబీ కూడా పసిగట్టలేదు. దాని లెక్కలో వెళ్లిందీ వచ్చిందీ సరిపోతాయి. అందుకే చిన్నపిల్లలున్న ఇంట్లో, రంధ్రాలకు లోపల షట్టర్ ఉండే సాకెట్లు కూడా కావాలి.

ఎర్తింగ్ సంగతి విడిగా చెప్పాలి. త్రీ పిన్ ప్లగ్‌లో పొడవుగా, లావుగా ఉండేదే ఎర్త్ పిన్. సాకెట్‌లో పట్టడం లేదని టూ పిన్ అడాప్టర్ తగిలిస్తే ఆ రక్షణ పోయినట్టే. ఎర్తింగ్ బాగుంటే, గీజరు బాడీకి కరెంటు లీకవడం మొదలవగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకునేదాకా అది ఆగుతుంది. ఆ ముట్టుకునేది ఎవరన్నదే అసలు భయం.

ఇక, “మాటిమాటికీ పడిపోతోంది, పెద్దది వేసేయండి” అని ఎలక్ట్రీషియన్‌తో చెప్పే అలవాటు. 2000 వాట్ల గీజరు, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్, 1500 వాట్ల కెటిల్ ఒకే లైన్‌లో నడుస్తుంటే, 230 వోల్టుల దగ్గర సుమారు 24 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ కాసేపటికి పడిపోతుంది, పడిపోవాలి కూడా. దాని స్థానంలో 32 వేస్తే ఎంసీబీ ఊరుకుంటుంది, గోడలోని పాత వైరు మాత్రం అదే. పైకి ఏమీ కనిపించదు, లోపల ఇన్సులేషన్ మాడుతుంది. నాకు తెలిసినంతలో ఇంట్లో జరిగే విద్యుత్ పనుల్లో ఇంతకన్నా మొండి పని లేదు. పాత ఇళ్లలో ఫ్యూజుకు నాలుగు పోగుల రాగి తీగ మెలిపెట్టి కట్టేవాళ్లు కదా, ఇదీ అదే.

ఆర్‌సీసీబీ తరచూ పడిపోతుంటే దాన్ని తీసేసి డైరెక్ట్ చేయించుకునేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఒప్పుకోకండి. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, తర్వాత ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ రండి. ఏది ఎత్తగానే పడిపోయిందో సాధారణంగా ఆ లైన్‌లోనే లీకేజీ ఉంటుంది, ఎక్కువసార్లు గీజరో మోటారో. అన్నీ దించినా పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ చూడాల్సిందే.

ఈ పత్రిక ఇంటికి వచ్చిన రోజునే నెలకోసారి, కంప్యూటర్ లాంటివి ఆపేసి, టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే లోపలి భాగాలు బిగుసుకుపోయి ఉండవచ్చు, వెంటనే మార్పించండి. బటన్ నొక్కడం పెద్దవాళ్ల పని. పిల్లలకు వేరే పని ఇవ్వండి: ఏ ఎంసీబీ ఏ గదిదో చిన్న కాగితాల మీద రాసి, మీరు పక్కనుండగా అతికించమనండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో దాని లైన్ పేరు ఎర్ర మార్కర్‌తో రాయించండి. ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలని పిల్లలకు మేం నేర్పిస్తున్నాం. కానీ మెయిన్ దించినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది, దాన్ని విడిగా ఆపాలి. ఎక్కడ ఆపాలో మీ ఇంట్లో చూపించగలిగేది మీరే.