బయలుదేరే ముందే గదిలో తాగే మద్యం

ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్ పార్టీ, స్నేహితుడి అన్నగారి రిసెప్షన్. వీటికి మన పిల్లలు వెళ్లడం సహజమే. అయితే బయలుదేరే ముందే హాస్టల్ గదిలో తలుపులు వేసుకుని మద్యం తాగి వెళ్లే అలవాటు కొందరు కాలేజీ విద్యార్థులలో ఉంది. అక్కడ దొరకదని, బార్‌లో ఖర్చెక్కువని, తాగితే బిడియం పోతుందని వారు చెప్పే కారణాలు.

ఇందులో అసలు ప్రమాదం తొందర. టైమైపోతోందని అరగంటలో ముగిస్తారు. భోజనం ఫంక్షన్లోనే కదా అని కడుపు ఖాళీగా ఉంచుకుంటారు. ఖాళీ కడుపులో ఆల్కహాలు త్వరగా చిన్నప్రేగులోకి దిగి రక్తంలో కలుస్తుంది. 180 మి.లీ. క్వార్టర్ విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. కాలేయం గంటకు సుమారు 7 నుండి 10 గ్రాములే ఖర్చు చేయగలదు. అంటే ఆ ఒక్క సీసాకు 6 గంటలకు తక్కువ పట్టదు. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, తలమీద చన్నీళ్లు... ఇవేవీ కాలేయాన్ని తొందరపెట్టలేవు.

గ్లాసు కింద పెట్టాక కూడా రక్తంలో మోతాదు కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది. గదిలో బాగానే నడిచినవాడు బైకు ఎక్కాక తూలేది ఇందుకే. (100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించితే బండి నడపడం నేరం. క్వార్టర్ తాగినవాడు ఆ గీత ఎప్పుడో దాటాడు.)

"పడుకుంటే దిగిపోతుందిలే" అని ఒంటరిగా వదిలివెళ్లడం ఇంకా ప్రమాదం. స్పృహలేని వాడికి వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయవచ్చు. పిలిచినా గిల్లినా లేవకపోయినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు ఎడం వచ్చినా, ఒళ్లు చల్లబడినా, పెదవులు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంతవరకు పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు దగ్గరే ఉండాలి. నోట్లో ఏమీ పోయవద్దు, బలవంతంగా వాంతి చేయించవద్దు.

స్నేహితులు ఆలస్యం చేసేది భయంతోనే. ఇంట్లో తెలుస్తుంది, వార్డెన్‌కు తెలుస్తుంది, పాస్టరుగారికి తెలుస్తుంది! తల్లిదండ్రులారా, "ఏ రాత్రయినా ఫోన్ చెయ్యి, ముందు వచ్చి తీసుకొస్తాను, మాటలు తర్వాత" అని మీ బిడ్డకు ఈ వారమే చెప్పండి. మద్యపానాన్ని సమర్థించమని మేము అనడం లేదు. తిట్టవలసినది ఉంటే తెల్లవారాక తిట్టవచ్చు.

క్యాజువాల్టీలో మేము ఏం తాగాడు, ఎంత, ఎప్పుడు, మాత్రలేమైనా వేసుకున్నాడా అని అడిగేది చికిత్స కోసమే. సీసా కనబడితే దాన్ని కూడా వెంట తీసుకురండి.