గడప దాటిన అపాయము

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు గల వీథులలో ఉదయముననే చెత్తబండి వచ్చును. వంటయింటి తొక్కులు, వాడి పారవేసిన బ్యాటరీలు, పగిలిన ట్యూబులైటు, అడుగున కొంత మిగిలిన యాసిడ్ సీసా, అన్నియు నొక్క సంచిలో వైచి బండివానికిచ్చి మనము లోనికి వత్తుము. సంచితోపాటు అపాయమును గడప దాటినదని మన తలంపు. అది పోలేదు, చేతులు మాత్రము మారినది. మొదట ఆ బండివాని చేతులు.

ఒకప్పుడు నగరపు చెత్తను ఎల్.బి.నగర్ చెంతనున్న ఆటోనగర్‌లో పోయుచుండిరి; పిమ్మట జవహర్‌నగర్‌కు మార్చిరి. విషపదార్థములకు సామాన్యపు చెత్తకుప్ప తగదు. కర్మాగారముల విషవ్యర్థముల కొఱకు నగరమునకు వాయవ్యదిశను దుండిగల్‌లో 2001వ సంవత్సరమున ప్రత్యేక కేంద్రము వెలసినది. ఇట్టి కేంద్రములందు కొన్నిటి విషగుణమును తగ్గించి, కొన్నిటిని మిక్కిలి వేడిగల కొలిమిలో కాల్చి, మిగిలినవానిని ఊట భూమిలోనికి దిగకుండ అడుగున దళసరి పొరలు పఱచిన గోతులలో పాతిపెట్టుదురు.

అచటి మొదటి సూత్రము, ఒకదానితో నొకటి పడని పదార్థములను దగ్గఱ చేర్చకుండుట. ఈ సూత్రము మన స్నానపుగదికిని వర్తించును. పాయిఖానా కడుగు యాసిడ్‌ను బ్లీచింగు పొడితో కలిపినచో క్లోరిన్ వాయువు పుట్టి, కన్నులు మండి, ఊపిరాడకపోవును. శుభ్రత యెక్కువగునని రెంటిని కలుపువారు మనలో లేకపోలేదు.

ఎంత జాగ్రత్తపడినను ప్రమాదము రావచ్చును. 1984 డిసెంబరులో భోపాల్ నగరమున జరిగిన ఘోరము పిదప, 1989లో మన ప్రభుత్వము నియమములు చేసినది. అపాయకర రసాయనములను అధికముగా నిలువచేయు కర్మాగారము తన ఆవరణకొక ప్రణాళికను, జిల్లా అధికారులు వెలుపలి జనులకొక ప్రణాళికను సిద్ధముచేయవలెననియు, చుట్టుపట్లవారికి చేయదగినది ముందే తెలుపవలెననియు వాని సారాంశము.

కాగితముపైనున్న ప్రణాళిక ప్రాణము కాపాడదని 2020 మే 7న విశాఖపట్టణమున ఆర్.ఆర్.వెంకటాపురము వద్ద తెలిసినది. అది వ్యర్థముల కేంద్రము కాదు, ప్లాస్టిక్కు సరుకు చేయు కర్మాగారము, కాని పాఠమొక్కటియే. తెల్లవారుజామున సుమారు 3 గంటలకు తొట్టిలోని స్టైరీను వేడెక్కి ఆవిరియై, నిద్రించుచున్న ఊరిపై వ్యాపించినది. 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. అపాయము తెలుపు సైరను మ్రోగనే లేదని విచారణ సంఘము తేల్చినది. బయటికి పరుగిడినవారిలో పలువురు దారిలోనే సొమ్మసిల్లిరి.

మన పేటలలో అట్టి కర్మాగారము లేదుగదా యని కొందఱు సోదరీమణులనవచ్చును. విజయవాడ రహదారి ఎల్.బి.నగర్ మీదుగనే పోవుచున్నది. ఆ దారిని చౌటుప్పల్ ప్రాంతమున ఔషధ కర్మాగారములు కలవు. రసాయనము లారీనెక్కినపుడు దారిప్రక్క యిల్లెల్ల దానికి పొరుగే. కావున సైరను కొఱకు వేచియుండక, ఈ క్రింది సంగతులు ఇంటిల్లిపాదికి ముందే నేర్పియుంచవలెనని మా మనవి.

వాయువు వెలువడినదని తెలిసినచో, గాలి యెటు వీచుచున్నదో చూడవలెను. దండెముపై ఆరవేసిన చీర చెప్పును. ప్రమాదస్థలము వైపునకు గాని, గాలి వాలున గాని పోక, గాలికి అడ్డముగ ప్రక్కకు తొలగవలెను. తొలగు వ్యవధి లేనిచో లోపలనే యుండి, పొయ్యి ఆర్పి, ఫ్యానులు, ఏసీలు ఆపి, తలుపులు కిటికీలు మూసి, సందులలో తడిగుడ్డలు కూరవలెను. ముక్కు, నోరు తడిబట్టతో కప్పుకొనవలెను. క్లోరిన్, స్టైరీను ఆవిరి గాలికన్న బరువైనవి. కావున నేలమాళిగలో దాగరాదు, పై అంతస్తు మేలు. కన్నులు మండినచో నీటితో చాలసేపు కడుగవలెను. సహాయమునకు 112, అంబులెన్సుకు 108 పిలువవలెను. ఈ సంఖ్యలు పిల్లలకును కంఠస్థమై యుండుట మంచిది. అధికారులు చెప్పినపుడే ఇల్లు విడువవలెను, చెప్పిన పిమ్మటనే తిరిగి రావలెను.

ఇక నిత్యము చేయదగిన పని చిన్నది. బ్యాటరీలు, ట్యూబులైట్లు, పురుగుమందు డబ్బాలు, మిగిలిన రంగులు, యాసిడ్ సీసాలు పిల్లలకందని చోట వేఱొక పెట్టెలో నుంచి, విడిగా అప్పగింపవలెను. గృహములలోని అపాయకర వ్యర్థములను వేఱుచేయవలెనని 2016 నాటి నియమములే చెప్పినవి. ట్యూబులైటు పగిలినచో అందు పాదరసముండును గనుక, కిటికీలు తెఱచి, కొంతసేపు పిల్లలను దూరముంచి, ముక్కలను దళసరి కాగితమున చుట్టి, పైన ఆ మాట వ్రాయవలెను. ఆ వ్రాత చదివి చేయి వెనుకకు తీసికొనువాడు బండివాడే. వానికిని ఇంటికడ ఎదురుచూచు బిడ్డలు కలరు.