పుండు లేని మంట

బందరు రోడ్డు వెంట నున్న పటమట ఒకనాటి పల్లె. నేడది విజయవాడ నగరములో కలిసిపోయినది. అచటి స్త్రీలు పైకి చెప్పుకొనని బాధలు మాత్రము పల్లెనాటివే. చెప్పుకొన్న సిగ్గుచేటు, దాచుకొన్న ప్రాణసంకటము అనదగిన అట్టి బాధ యొకటి గలదు. స్త్రీ బాహ్య జననాంగమున, విశేషించి యోని ముఖద్వారము చెంత, నిప్పు సోకినట్లు మండును. కూర్చున్నను నొప్పియే, వస్త్రము తగిలినను నొప్పియే. పరీక్షించి చూచిన పుండు లేదు, గడ్డ లేదు. మూడు మాసములైనను తగ్గక, వేరొక కారణము కానరాని ఈ నొప్పిని వల్వొడీనియా అందురు. అమెరికాలో జరిగిన సర్వేలలో నూటికి సుమారు 8 మంది స్త్రీలలో దీని లక్షణములు కనిపించినవి. “ఏమియు లేదు, అంతయు నీ మనసులోనిదే” అను తీర్పును ఇంటిలోనే కాక వైద్యుల యెదుటను విన్నవారు అనేకులు.

1880 ప్రాంతముననే అమెరికా వైద్య గ్రంథములు ఈ బాధను వర్ణించినవి. పిదప దానిని దాదాపు మరచిరి. విజయవాడలో స్త్రీల వైద్యురాలిగా పేరొంది, 1957లో లోక్‌సభకు ఎన్నికైన కొమర్రాజు అచ్చమాంబ 1964లో మరణించునాటికి దీనికి నేటి పేరైనను ఏర్పడలేదు.

ఇక ఈ బాధలో పాలు గలదని అనుమానింపబడు కణమును చూతము. 1878లో పాల్ ఎర్లిక్ అను జర్మను విద్యార్థి తన పరిశోధన వ్యాసమునకై శరీర ధాతువులకు రంగులు పట్టించుచు, రేణువులతో నిండిన కణములను కనుగొనెను. బాగుగా మేసి బలిసినవని తలచి వానికి మాస్ట్ కణములని పేరిడెను. నిజమునకు అవి తిండిపోతులు కావు, కావలివారు. చర్మము క్రిందను, రక్తనాళముల చెంతను, నరముల కొనల ప్రక్కను కాపు కాచి, శత్రువు సోకినంతనే హిస్టమిన్ మొదలగు ద్రవ్యములను వెదజల్లును. దురద, ఎరుపు, వాపు అందువలననే కలుగును.

చిక్కంతయు నరముతో గల పొత్తులో నున్నది. మాస్ట్ కణము వెలువరించు ద్రవ్యములలో నరమును పెంచునది యొకటి గలదు. ఆ నరవర్ధక పదార్థమును అప్పుడే పుట్టిన ఎలుకలకు ఎక్కించగా వాని ధాతువులలో మాస్ట్ కణములే హెచ్చినవని 1977లో రీటా లెవీ మోంటాల్చీని, లుయీజీ అలోయె వెల్లడించిరి. రేగిన నరము సైతము తన రసాయనములతో కణమును రేపును. ఇరుగుపొరుగు కలహమున ఒకరి కేక ఇంకొకరి గొంతును పెంచినట్లు, మొదటి కారణము తొలగిన తరువాతను రభస సాగవచ్చును.

2004లో ఇజ్రాయెల్ వైద్యుడు బోర్న్‌స్టైన్, ఆయన సహచరులు, ఇట్టి రోగుల నుండి తీసిన ధాతువులో నరముల కొనలు దట్టముగా పెరిగి యుండుటను, మాస్ట్ కణములు రేగి యుండుటను చూపిరి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రకటించిన ప్రయోగము మరింత ఆలోచింపజేయునది. ఆడ చిట్టెలుకలకు కాండిడా అను ఫంగసును మూడుమార్లు సోకించి, ప్రతిసారియు మందుతో నయము చేసిరి. ఫంగసు పోయినది. కొన్నిటిలో మాత్రము తాకిడికి నొప్పియు, నరముల పెరుగుదలయు నిలిచిపోయినవి. వేడియు తేమయు మెచ్చు ఫంగసది. కృష్ణా డెల్టాలో ఆ రెంటికిని కొదువ లేదు.

అయినను మాస్ట్ కణమే దోషియని తీర్పు చెప్పుట తొందరపాటగును. దానిని అణచు క్రోమోలిన్ లేపనమును పరీక్షించి 2001లో ప్రకటించిన ఫలితములలో, అది మందు లేని లేపనము కంటె మేలనిపించుకొనలేదు. నరములు పెరిగిన పిదప కణము నోరు మూసిన ప్రయోజనమేమి అని శంకింపవచ్చును. నేడు తిమ్మిరి లేపనములు, కటి కండరములకు వ్యాయామ చికిత్స, నరముల ఉద్రేకమును తగ్గించు మందులు వాడుచున్నారు. కొందరికి మాత్రమే శస్త్రచికిత్స అవసరమగును.

రోగ నిర్ణయమునకు వలసిన పరికరము దూదిపుల్ల. గడియారపు అంకెల వరుసను యోనిద్వారము చుట్టును మెల్లగా తాకుచు పోయి, “ఇచటనే” అని ఆమె చెప్పిన చోటును వైద్యురాలు గుర్తు పెట్టుకొనును.