మీకు తెలియునా? ఖరగ్‌పూర్‌లో చిప్పుల పరీక్ష

రెండు 32 బిట్ల సంఖ్యలను కూడునట్టి చిన్న వలయమును సైతము, సెకనుకు 100 కోట్ల జతల చొప్పున, సాధ్యమైన ప్రతి జతతోను పరీక్షింపబూనినచో, ఆ పని ముగియుటకు సుమారు 585 సంవత్సరములు పట్టును! ఇక వందల కోట్ల ట్రాన్సిస్టర్లుగల నేటి చిప్పుల మాట చెప్పనేల? 1994లో పెంటియం చిప్పు భాగహారమున బయటపడిన దోషము ఇంటెల్ సంస్థకు 47.5 కోట్ల డాలర్ల నష్టమును తెచ్చిపెట్టెను.

తెలుగు రైల్వే కుటుంబములు తరతరములుగా కాపురమున్న ఖరగ్‌పూర్‌లో, ఒకనాటి హిజ్లీ నిర్బంధ శిబిర భవనమున 1951లో ఆరంభమైన ఐ.ఐ.టి.యందు, ఆచార్య పల్లబ్ దాస్‌గుప్తా ప్రభృతులు, చిప్పు నడువవలసిన నియమములను తర్కభాషలో వ్రాసి, ఒక్కొక్క ఉదాహరణముతోగాక గణిత నిరూపణముచేతనే దాని నడవడిని నిర్ధారించు పద్ధతులపై చిరకాలము పరిశోధించిరి. ఈ పద్ధతులపై దాస్‌గుప్తాగారి గ్రంథము 2006లో వెలువడినది. నియమము భగ్నమైనచో, అది ఏ క్రమమున భగ్నమగునో చూపు దృష్టాంతమును కంప్యూటరే ఇంజనీరు ముందుంచును. ఈ విద్యలో నాకు మిక్కిలి సుందరముగా తోచు భాగమిదియే. అయినను, పెద్ద చిప్పునంతటిని ఇట్లు నిరూపించుట నేటికిని దుస్సాధ్యమే గనుక, కీలక భాగములకు నిరూపణమును, తక్కినవానికి అనుకరణ పరీక్షలను ఇంజనీర్లు జోడింతురు.